పొట్టేలు గంట కట్టించుకున్న మనిషి

ఈ చలికాలం పొద్దుటిపూట మా వీధిలోకి ఒక మేకలాయన వస్తున్నాడు. అనంతగిరి రోడ్డు దిగి, మా ఇంటి వెనక సందులోంచి, ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ జాగాల వైపు మేకల్ని తోలుకుపోతాడు. ముందు నడిచే మేకపోతు మెడలో ఒక చిన్న గంట ఉంటుంది. నిన్న అది సందు మలుపు దాకా గణగణమంటూ వచ్చి, చటుక్కున ఆగిపోయింది. నేను తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా, చల్లగా కొరుకుతున్న తాండూరు బండల మీద గబగబా నడిచి కిటికీ దగ్గరికి పోయాను. వెనక నుంచి మా కోడలు "ఏమైంది అత్తమ్మా?" అని అడుగుతూనే ఉంది. ఏమీ కాలేదు. మేకపోతు పక్కింటివాళ్ల మందారం మీద ముందుకాళ్లు మోపి ఆకులు తింటోంది. తింటున్నంతసేపు తల కదల్చలేదు కాబట్టి గంట మోగలేదు. అది తల విదిలించి మళ్లీ మోగించేదాకా మాత్రం నేను కిటికీ వదల్లేదు.

గంట ఆగితే లేచి చూసే ఈ అలవాటు నాకు బీరవ్వ దగ్గర పట్టుకుంది. అలవాటంటే అలవాటు, పిచ్చంటే పిచ్చి. బీరవ్వ గొర్రెలు కాసే మనిషి. నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన పంతులమ్మ కాదు. ఏడాదికి పదిహేను ఇరవై రోజులు మా చేనులో మంద పెట్టడానికి వచ్చేది, అంతే. మా అమ్మ నన్ను పెంచింది, మా అత్తగారు వంట నేర్పారు, మా ఆయన రైలెక్కడం నేర్పాడు. ఎదుటి మనిషిని ఎలా చూడాలో మాత్రం నేను బీరవ్వను చూసి నేర్చుకున్నాను. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

నేను కాపురానికి వెళ్లిన ఊరు తాండూరుకు మూడు కోసుల ఇవతల, కోట్‌పల్లి వైపు నుంచి వచ్చే బండ్లబాట పక్కన ఉంటుంది. రజాకార్ల గడబిడ సద్దుమణిగి అప్పటికి ఐదారేళ్లు. మా మామగారికి నల్లరేగడి చేను ఉండేది, కందులు, జొన్నలు పండేవి. మా ఆయన వికారాబాదులో ధాన్యం దుకాణంలో గుమాస్తా, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. పంట కోసేశాక చేనులో రాత్రిళ్లు గొర్రెల మందను పడుకోబెట్టించడం మా వైపు పద్ధతి. ఆ పెంటికలే చేనుకు ఎరువు. అందుకు బదులు మందవాళ్లకు జొన్నలు ఇస్తాం, మంద ఉన్నన్నాళ్లూ రాత్రి కూడు మా ఇంటి నుంచే పోతుంది. అలా కొత్తకోడలినైన నేను రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని మొదటిసారి మంద దగ్గరికి పోయాను. పోయీ పోగానే ఒక పొట్టేలు వెనక్కి నాలుగడుగులు వేసి, పరుగున వచ్చి నా తొడ మీద ఢీకొట్టింది. నేనొక దిక్కు, రొట్టెలొక దిక్కు పడ్డాం. చుట్ట కాలుస్తూ కూర్చున్న ముసలామె లేచి వచ్చి, ముందు రొట్టెలు ఏరుకుని దులిపి, ఆ తర్వాత నన్ను లేపింది.

"పొట్టేలుకు ఎదురుంగ నిలబడద్దు బిడ్డా. పక్కకు నిలబడాలె. పెండ్లయిన పిల్లవు, మగనికాడ గూడ గంతే అని నీకెవలు చెప్పలేదా?" అంది.

నాకు ఏడుపు రావలసింది పోయి నవ్వు వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉండేది బీరవ్వ. కాళ్లకు వెండి కడియాలు, భుజాన నల్ల గొంగడి, ఈ గట్టున మాట్లాడితే ఆ గట్టున వినిపించే గొంతు. భర్త చనిపోయాక కొడుకు సగం మందను దౌల్తాబాద్ వైపు తోలుకుపోతే, మిగతా సగాన్ని తానొక్కతే కాసేది. గొర్రెల్ని ఆడబిడ్డల్నీ తోడికోడళ్లనీ తిట్టినట్టు వరసలు పెట్టి తిట్టేది. ఒక కుక్క ఉండేది కానీ, అది ప్రతి తుమ్మచెట్టునూ దొంగ అనుకుని మొరిగేది కాబట్టి దాని మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆమె అసలు నమ్మకమంతా నన్ను పడగొట్టిన ఆ పొట్టేలు మీద, దాని మెడలో ఉన్న ఇత్తడి గంట మీద. చీకట్లో మంద కదిలితే ముందు ఆ గంటే చెప్పేది.

అంత కాపలా ఎందుకంటే, గొర్రెల దొంగలు మా వైపు ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఒకడు ఒంటి మీద సారా చల్లుకుని మంద పక్కన తాగి పడిపోయినట్టు పడుకుంటాడు. జాలిపడి ఎవరైనా దగ్గరకు రానిచ్చారా, అందరూ నిద్రపోయాక లేచి మంద చుట్టూ వేసిన ముళ్లకంప తొలగిస్తాడు, బయట ఉన్న తోడుదొంగలు గొర్రెల్ని ఎత్తుకుపోతారు. నేను కాపురానికి రాకముందు ఏడు అలాగే ఒకడు బీరవ్వ పెట్టిన రొట్టె తిని, బీరవ్వ మంట దగ్గరే పడుకుని, బీరవ్వ గొర్రెల్నే తోలుకుపోయాడు. పోయినవాటిలో ఆమె తమ్ముడివి కూడా ఉన్నాయి. దాంతో తమ్ముడు ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదట. ఈ కథ ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ దొంగను నోరారా తిట్టేది. చివరికి మాత్రం "నా రొట్టె మంచిగున్నదన్నడు ముండాకొడుకు" అని ముగించేది.

ఆ రాత్రి నాటికి నాకు పెళ్లయి రెండో చలికాలం. కందులు కోసి కళ్లానికి తెచ్చాం, ఇంకా కొట్టలేదు. పంట కళ్లంలో ఉన్నన్నాళ్లు ఇంటివాళ్లెవరో అక్కడే పడుకోవాలి. అత్తగారికి ఉబ్బసం, ఆ చలికి బయటికి రాలేరు. అందుకని మామగారికీ, జీతగాడు అంతయ్యకూ వండిపెట్టడానికి నేను కళ్లం గుడిసెలో ఉన్నాను. పక్క చేను చెక్కలోనే బీరవ్వ మంద. ఆ ఏడు చలి మామూలు చలి కాదు. బిందెలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. పొద్దున్నే కందికట్టె మీద మంచు తెల్లగా పేరుకుని ఉండేది.

అందరం అన్నాలు తిన్నాం. బీరవ్వ చుట్ట ముట్టించబోయి ఆగి, మంద వైపు చూస్తూ నిలబడింది.

"పటేలా, గా మూలకు గొర్లు పండుకుంటలేవు. అన్ని గీ దిక్కుకే ఒత్తుకుంటున్నయి. ఆడ ఏదో ఉన్నది" అంది మామగారితో.

తోడేలేమో అనుకుని అంతయ్య కర్ర తీసుకున్నాడు, నేను కందిలి దీపం పట్టుకున్నాను. ముళ్లకంప అవతల, దుక్కి చాలులో ఒక మనిషి పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయేమో. వాగులో పడి లేచినట్టున్నాడు, నడుము దాకా ధోతి తడిసి ఒంటికి అంటుకుపోయింది. సారా వాసన గుప్పుమంది. అంతయ్య కర్రతో పొడిస్తే మూలిగాడు, కళ్లు తెరవలేదు.

మామగారు చెడ్డవారు కాదు. కానీ ఆ మనిషిని చూడగానే ఆయన ముఖం గట్టిపడింది. "దొంగే. పోయిన మారు గిట్లనే గద వచ్చిండు? వేపచెట్టుకు కట్టెయ్యి అంతయ్యా. పొద్దుగాల తాండూరు ఠాణాల అప్పజెప్తం" అన్నారు.

అప్పుడే ఆ మనిషి పెదాలు కదిలాయి. "రాముడేడి... లచ్చుడేడి... ముంగటనే పోయిండ్రా?" అని గొణిగాడు.

"విన్నరా పటేలా!" అంతయ్య ఎగిరిపడ్డాడు. "ఒక్కడు గాదు, ముగ్గురున్నరు. మిగిలిన ఇద్దరు ముంగట పోయిండ్రట. గీడనే ఏడనో దాక్కున్నరు."

చీకట్లో ఏ పొద చూసినా రాముడో, లచ్చుడో కూర్చున్నట్టే అనిపించింది. బీరవ్వ మాత్రం ఎవరి మాటా విననట్టు కిందికి వంగి ఆ మనిషి పాదాన్ని అరచేత్తో పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"కాళ్లు బండ లెక్క అయినయి పటేలా. గీ తడిబట్టతోని చెట్టుకు కడితే పొద్దుగాల ఠాణాకు గాదు, కాటికి తీస్కపోవాలె."

"మరి నీ గొర్లు పోతె?" అన్నారు మామగారు. "మల్ల నీ తమ్మునికి ఏం జవాబు చెప్తవ్?"

ఆ మాట ఆమెకు తగిలిందని నాకు తెలుసు. లేచి నిలబడి మంద వైపు చూసింది. కందిలి వెలుగులో గొర్రెల కళ్లు మెరుస్తున్నాయి. సరే, చెట్టుకే కట్టమని అంటుందేమోనని నాకు భయమేసింది. దగ్గరకు రానిచ్చి మళ్లీ మోసపోతుందేమోనని అంతకన్నా ఎక్కువ భయమేసింది. ఏది జరగాలని కోరుకోవాలో తెలియక కందిలి పట్టుకుని నిలబడ్డాను.

"దొంగైతే గొర్రె పోతది. గాకపోతే మనిషి పోతడు" అంది బీరవ్వ నెమ్మదిగా. "గొర్రె పోతే ఏడుస్త, మా తమ్మునితోని తిట్లు తింట. గీ మనిషి పోతే నేనేం జెయ్యాలె పటేలా?"

మామగారు వంగి అతని కాళ్ల వైపు చూశారు. ఆయన మెత్తబడ్డారని ఆమె కనిపెట్టింది. వెంటనే గొంతు మార్చి, "నువ్వన్నట్టే కట్టేద్దాం తియ్యి. తాడెందుకు, గంట కడత" అంటూ పొట్టేలును దగ్గరికి లాగి దాని మెడలోని ఇత్తడి గంట విప్పింది. "వీని కాలుకు గిది కడత. గొర్రె మీద చెయ్యేసిండా, కంప తీసిండా, లేచి నడిసిండా, మనకు ఇనబడుతది. సరేనా?"

ఇక పనులు చకచకా సాగాయి. తడిధోతి విప్పేటప్పుడు నేను అటు తిరిగి నిలబడ్డాను. మామగారి పొడిధోతి ఒకటి అడిగింది బీరవ్వ. "దొంగకు నా ధోతియా?" అని మామగారు గుడిసెలోకి పోయి, ఉన్నవాటిలో పాతది ఏరడానికి చాలాసేపు వెతికి, చివరికి మంచిదే తెచ్చారు. బీరవ్వ తన గొంగడి తీసి ఆ మనిషికి చుట్టి, తాను రెండు గోనెసంచులు కప్పుకుంది. మందలోకి మోయించి, రెండు ముసలి గొర్రెల మధ్య పడుకోబెట్టి, ఎడమకాలి చీలమండకు గంట కట్టింది. ఆ గొర్రెలు కాసేపు ముక్కులు ఎగబీల్చి, ఇక చేసేదేముందన్నట్టు అతన్ని ఆనుకునే పడుకున్నాయి. నాకూ అప్పుడొక ఆలోచన వచ్చింది. మా పొయ్యి పక్కన గిన్నెలు దించడానికి ఒక తాండూరు బండముక్క ఉండేది. దాన్ని నిప్పుల పక్కన వేడిచేసి, గోనెగుడ్డలో చుట్టి, కాలకుండా చూసుకుని అతని పాదాల దగ్గర పెట్టాను. పుట్టింట్లో బాలింతలకు మా అమ్మ ఇటుకతో అలా చేసేది. బీరవ్వ చూసి, "మా పటేలమ్మకు మస్తు తెలివున్నదిరో" అంది. పెళ్లయ్యాక నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. అంత చలిలోనూ నా చెవులు వెచ్చబడ్డాయి.

అంబలి కాచి పోయబోతే పెదాల వెంట కారిపోయింది, మింగలేదు. అంతయ్య "జర సార పోస్తే వేడి పుడ్తది" అన్నాడు. "తాగింది దిగనియ్యిరా ముందు" అని మామగారే కసురుకున్నారు. అంతయ్య కర్ర పట్టుకుని కళ్లం చుట్టూ గస్తీ మొదలుపెట్టాడు. మధ్య మధ్య చీకట్లోకి చూస్తూ, "ఓ రాముడా, మేం జూసినం! ఓ లచ్చుడా, నీ దోస్తు దొరికిండు, మర్యాదగ బయటికి రా!" అని కేకలు పెట్టేవాడు.

గుడిసెలో పడుకున్నానన్నమాటే గానీ నిద్రెక్కడిది? ఆ మనిషి వణికినప్పుడల్లా గంట సన్నగా మోగేది. మొదట ప్రతి మోతకూ, లేచాడు, కంప తీస్తున్నాడు అని ఉలిక్కిపడ్డాను. కొంతసేపటికి ఆ మోత వణుకుదేనని తెలిసింది. ఇంకొంతసేపటికి, మోగుతున్నందుకే ప్రాణం కుదుటపడుతోందని తెలిసింది. దొంగతనం పట్టుకోవడానికి కట్టిన గంట మనిషి బతికున్నాడని చెబుతోంది. అప్పుడది ఆగిపోయింది.

నేను లేచి కూర్చునే లోపలే గుడిసె బయట మామగారి గొంతు వినిపించింది. "బీరవ్వా, గంట మోగుతలేదు." మళ్లీ గట్టిగా పిలిచారు. "ఓ బీరవ్వా! మోగుతలేదంటున్న గద!" మోకాళ్ల నొప్పులతో గట్టు దిగడమే కష్టమయ్యే మనిషి కంప దాటి, గొర్రెల్ని తోసుకుంటూ లోపలికి పోయారు. నేను కందిలి పట్టుకుని వెనకే పరుగెత్తాను. ఆయన వంగి ఆ మనిషి ముక్కు దగ్గర వేలు పెట్టారు. పక్కనే గోనెసంచుల్లోంచి బీరవ్వ, "సప్పుడు చెయ్యకు పటేలా. నిద్రవోయిండు. వణుకు తగ్గింది, ఒళ్లు కొంచెం ఎచ్చబడ్డది" అంది. మామగారు అయినా వేలు తియ్యలేదు. చాలాసేపటికి, "ఉన్నది. గాలి ఉన్నది" అన్నారు. ఆయన గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత గంట ఆగిన ప్రతిసారీ ఆయనే లేచారు. చివరికి విసుగొచ్చి తన మంచాన్నే మంద కంప పక్కకు లాక్కున్నారు. "దొంగను కనిపెట్టుకుని ఉండాలె గద" అని నాతో అన్నారు. నేను సరే మామా అన్నాను.

తెల్లారగట్ట నాకు కునుకు పట్టినట్టుంది. గణగణమని గంట గట్టిగా మోగింది. ఈసారి వణుకు కాదు. అడుగు తర్వాత అడుగుగా మోగుతూ దూరంగా పోతోంది. "దొంగ పోతున్నడు! దొంగ పోతున్నడు!" అని అంతయ్య కర్ర ఎత్తి పరుగుతీశాడు. మేమందరం లేచి చూస్తే, ఆ మనిషి కంప దాటి, గట్టు చాటున అటు తిరిగి కూర్చుని ఉన్నాడు, రాత్రంతా ఆపుకున్న పని తీర్చుకోవడానికి. అంతయ్య కర్ర దించి అటు తిరిగి నిలబడ్డాడు. బీరవ్వ నవ్వు మొదలుపెట్టింది. గొర్రె ఒక్కటీ పోలేదు, మనిషీ పోలేదు. నేను నిలబడ్డచోటే కూర్చుండిపోయాను. కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి.

అతను గంట మోగించుకుంటూ, మామగారి ధోతి ఎత్తిపట్టుకుంటూ తిరిగొచ్చాడు. నేనిచ్చిన వేడి అంబలి చెంబెడు తాగి, గొంగడి చుట్టుకుని కూర్చున్నాడు. మామగారు ఎదురుగా మంచం వేసుకుని విచారణ మొదలుపెట్టారు.

"రాముడెవడు? లచ్చుడెవడు? నిజం చెప్పు."

"నా ఎద్దులు" అన్నాడతను.

"ఎద్దులా! ఎద్దులైతే బండేది?"

"గదే నాకు సమజైతలేదు మాలిక్. కోట్‌పల్లిల బండలు దించిన. సలికి జర తాగిన. బండిల పండిన. లేస్తె గీడ గొర్ల నడుమ ఉన్న." అతని చూపు కాళ్ల దగ్గరున్న గోనెగుడ్డ మీద పడింది. అది విప్పి, బండముక్క మీద బొటనవేలితో రుద్ది చూశాడు. ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "గిది మా తాండూరు బండనే! నీలం పొర. మా గనిదే గావొచ్చు."

మామగారు నమ్మాలో వద్దో తేల్చుకునే లోపలే బాట మీద నుంచి ఆడమనిషి కేక వినిపించింది. ఖాళీ బండి ఒకటి చేను గట్టున ఆగింది. దాంట్లోంచి ఒకామె దూకి, దున్నిన నేల మీద పడుతూ లేస్తూ వచ్చింది. పేరు శరణమ్మ అని తర్వాత తెలిసింది. మాటలో కన్నడపు యాస. "అయ్యో శివనే, అయ్యో శివనే" అంటూ వచ్చి అతని ముఖం, చేతులు, కాళ్లు అన్నీ తడిమి చూసుకుంది. కాలికి గంట చూసి ఆగింది. మనిషి బాగానే ఉన్నాడని తేలాక నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"రాత్రి ఖాళీ బండి ఇంటిముందుకొచ్చి నిలబడ్డది అమ్మా" అంది నాతో, వెక్కుతూనే. "బండిల మనిషి లేడు. ఎద్దులను ఎనకకు మర్రగొట్టిన. మీరే ఇడ్సిపెట్టి వచ్చిండ్రు, ఏడ ఇడ్సిండ్రో మీరే తోల్కపోర్రి అన్న. అవి సారా దుకాణమొచ్చినప్పుడల్లా ఆగినయి. గిన్నేండ్ల సంసారంల నాకు తెల్వని జాగలన్ని గీ రాత్రే తెలిసినయి! వాగుకాడికొచ్చినంక ఆగినయి, ఇగ కదలవు. ఆడ వెతికి వెతికి పరేషానైన. అప్పుడు గంట సప్పుడు, వీని గొంతు ఇనబడ్డది."

బీరవ్వ గట్టు దాకా నడిచి, ఎద్దుల్ని పైనుంచి కింది దాకా చూసి వచ్చింది. "అంతయ్యా, రాత్రంత వెతికితివి గద. రాముడు, లచ్చుడు దొరికిండ్రు. కాడికి కట్టే ఉన్నరు, పోయి పట్టుకో" అంది.

మామగారు నవ్వడం నేను చూసింది ఆ పొద్దే. మొదట గొంతు సవరించుకున్నట్టు శబ్దం చేసి, తర్వాత ఆపుకోలేక, మంచం పట్టె పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆ మనిషి పేరు నాగప్ప. పోయేముందు గంట విప్పి ఇవ్వబోతే బీరవ్వ తీసుకోలేదు. "ఎద్దు మెడకు కట్టుకో. మల్ల నిన్ను ఇడ్సిపెట్టి పోతే, పోతున్నయన్న సంగతన్న తెలుస్తది" అంది. తమ్ముడి గొర్రెలున్న మంద ఆ ఏడంతా గంట లేకుండానే తిరిగింది.

నాగప్ప తాగడం మానేశాడని చెప్పను, తెలియని మాట రాయడం ఎందుకు? కానీ శరణమ్మ ఆ తర్వాత అతన్ని ఒంటరిగా బండి తోలనివ్వలేదు. బండలు ఎంత దూరం పోవాలన్నా వాటి మీద తానూ కూర్చునేది. ఎద్దుగంటల మధ్య ఆ గొర్రెగంట మోత వేరుగా తెలిసేది. అది బాట మీద వినబడితే మామగారు పని ఆపి చూసేవారు. దాటిపోయాక మళ్లీ పని మొదలుపెట్టేవారు. కొన్నేళ్లకు మేం వికారాబాదులో రైలు స్టేషన్ దగ్గర ఇల్లు కట్టుకున్నప్పుడు బండలు తెచ్చింది కూడా నాగప్పే. ప్రతి బండనూ బొటనవేలితో రుద్ది చూసి, "పటేలమ్మా, నీ పొయ్యికాడి బండకు తోబుట్టువులు ఇవి" అన్నాడు. నిన్న నేను చెప్పుల్లేకుండా గబగబా నడిచింది వాటి మీదే.

స్టేషన్ దగ్గర ఇల్లు కదా, తాండూరు పోయే రైలు తప్పినవాళ్లు చలికాలం రాత్రుల్లో మా తలుపు తట్టేవారు. నేను తీసేదాన్ని. ముందుగదిలో చోటు, కప్పుకోవడానికి ఒక గొంగడి. మా ఆయన గొణిగేవాడు గానీ అడ్డుపడలేదు. వచ్చినవాళ్లందరూ మంచివాళ్లేనని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ కాదు. ఒకాయన తెల్లారేసరికి మా అమ్మ ఇచ్చిన రాగిచెంబుతో సహా వెళ్లిపోయాడు. నాకు చాలా కోపం వచ్చింది, రెండు రోజులు అన్నం సయించలేదు. ఇకమీద ఎవరికీ తలుపు తియ్యనని మా ఆయనతో గట్టిగా చెప్పాను.

ఆ చలికాలమే బీరవ్వ కంటి చూపు మందగించిందని దవాఖానాకు వచ్చి మా ఇంట్లో దిగింది. అప్పటికి మామగారు లేరు. మందనంతా కొడుకే చూసుకుంటున్నాడు. బండల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చుట్ట ముట్టించుకుని, చెంబు కథంతా విని, "మంచి చెంబే పోయింది" అని నాతోపాటు తానూ ఆ దొంగను తనివితీరా తిట్టింది. ఆ తిట్లతో నా కోపం సగం తగ్గింది. అప్పుడు అడిగాను, ఎన్నేళ్లుగానో అడగాలనుకున్న మాట. ఎందుకంటే నేను ఆమె గురించి అందరికీ ఒకటే చెప్పేదాన్ని, బీరవ్వ మనిషిని చూడగానే మంచీచెడూ పట్టేస్తుందని.

"అవ్వా, ఆ రాత్రి నాగప్పను చూడంగనే దొంగ కాదని నీకెట్ల తెలిసింది?"

"ఎవలు జెప్పిండ్రు నీకు?" అంది, నా గొంతు వచ్చిన వైపు తిరిగి. "దొంగే అనుకున్న. గా శరణమ్మ బండి దిగేదాక దొంగే అనుకున్న."

"మరి నీ గొంగడి తీసి కప్పినవు గద?"

ఇంత చిన్న సంగతి తెలియని మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు కళ్లు చికిలించింది.

"దొంగకు సలి పెట్టదా బిడ్డా?"

ఆ రాత్రి తలుపు గొళ్లెం వేశాక, పెట్టెలో దాచేసిన గొంగడి తీసి, మళ్లీ తలుపు వెనక మేకుకు తగిలించాను. బీరవ్వ ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. ఆ కబురు నాకు ఆలస్యంగా తెలిసింది, చివరిచూపు దక్కలేదు. ఆ మేకు మీద గొంగళ్లు మాత్రం ఎన్నో మారాయి. కొన్నిటిని చిమ్మటలు తిన్నాయి. కొన్ని కప్పుకుని పోయినవాళ్లు తిరిగి తేలేదు, వాళ్లలో ఎవరు దొంగలో ఎవరు కాదో నేను అడగలేదు. ఒకటి పోయినప్పుడల్లా తాండూరు సంతలో ఇంకొకటి తెప్పిస్తాను. చలికాలంలో ఆ మేకును ఖాళీగా ఉంచను.